అన్నీ తీసేసినా ప్రశాంతంగా లేని కేబిన్లు: స్వీడన్ అడవిలో ఒక రిట్రీట్ కేస్

నేను స్వీడన్‌లో ఇంటీరియర్ ఆర్కిటెక్ట్‌ని, ఎక్కువగా చిన్న హోటళ్ళు, అడవుల్లో ఉండే గెస్ట్ కేబిన్లు చేస్తుంటాను. స్కాండినేవియన్ మినిమలిజం, అంటే వీలైనంత తక్కువ వస్తువులతో సర్దిన గది, అనగానే తెల్ల గోడ, లేత రంగు చెక్క, పెద్ద గాజు కిటికీ, ఒకే ఒక్క కుర్చీ, ఇవే కదా అందరికీ గుర్తొచ్చేది. ఇవన్నీ ఉన్న రిట్రీట్‌లోనే, అంటే ప్రశాంతత కోసం వెళ్ళి ఉండే చోటే, జనం రెండో రాత్రి ఉండలేక వెళ్ళిపోతుంటే ఎందుకో కనుక్కోమని నన్ను పిలిచారు, అందుకే ఈ కేస్ రాయాలనిపించింది. ఓనర్లని అడిగే రాస్తున్నా, ఊరి పేరు, కేబిన్ల సంఖ్య లాంటివి చెప్పను, గుర్తుపట్టేలా ఉన్న ఒకట్రెండు వివరాలు మార్చాను.

నేపథ్యం

స్వీడన్ మధ్యభాగానికి కాస్త ఉత్తరంగా, పైన్, స్ప్రూస్ చెట్ల మధ్య సరస్సు ఒడ్డున అన్నీ ఒకేలా ఉండే చిన్న కేబిన్లు. ఒక్కో దాంట్లో ఒకటే గది, సుమారు 30 చదరపు మీటర్లు, సీలింగ్ ఏటవాలు, సగటున మూడున్నర మీటర్ల ఎత్తు. సరస్సు వైపు గోడ మొత్తం గాజు అద్దమే. మిగతా గోడలు తెల్ల పెయింట్ వేసిన ప్లాస్టర్‌బోర్డ్, కింద పాలిష్ చేసిన కాంక్రీట్ ఫ్లోర్, దాని కింద హీటింగ్. మంచం గది మధ్యలో అద్దానికి ఎదురుగా, తలుపు తీస్తే నేరుగా గదిలోకే. సీలింగ్‌లో స్పాట్ లైట్లు, కర్టెన్లు లేవు. కట్టడంలో అయితే లోపం ఏమీ లేదు, ట్రిపుల్ గ్లాస్, ఇన్సులేషన్ అన్నీ పద్ధతిగానే ఉన్నాయి, ఫొటోల్లో అద్భుతంగా ఉంటుంది, బుకింగ్‌లు కూడా ఆ ఫొటోలు చూసే వచ్చేవి.

సమస్య

వేసవిలో పెద్దగా గొడవ లేదు. అక్టోబర్ దాటాక మాత్రం మూడు రాత్రులు బుక్ చేసుకున్నవాళ్ళు ఒక రాత్రి ఉండి ఏదో పని పడిందని చెప్పి వెళ్ళిపోవడం, ఒకసారి వచ్చినవాళ్ళు మళ్ళీ రాకపోవడం. ఫీడ్‌బ్యాక్ చూస్తే "చాలా అందంగా ఉంది, కానీ..." అని మొదలయ్యి ఆ కానీ తర్వాత ఏమీ ఉండదు, నిద్ర సరిగ్గా పట్టలేదు, ఎందుకో అలసటగా అనిపించింది, ఇంతే. గెస్ట్‌లు తమకి ఏం అనిపించిందో చెప్తారు గానీ అది ఎక్కడినుంచి వస్తోందో చెప్పలేరు, ఈ వృత్తిలో సగం పని అది పట్టుకోవడమే.

నేను వెళ్ళకముందే ఓనర్లు చాలా చేశారు. మొదట గదిలో వస్తువులు ఇంకా ఎక్కువైపోయాయేమో అనుకుని రెండో కుర్చీ, షెల్ఫ్, చివరికి కెటిల్ కూడా తీసి కామన్ బిల్డింగ్‌లో పెట్టారు. దాంతో గెస్ట్‌లు రాత్రి టీ కోసం మంచులో నడవాల్సి వచ్చింది. తర్వాత కార్యక్రమాలు పెట్టారు, అడవిలో మౌన నడక, ఉదయం ధ్యానం, ఫోన్లు అప్పజెప్పే పెట్టె. ఆ తర్వాత ఎవరో గది "చల్లగా" ఉందన్నారని బల్బులు మార్చి 4000 కెల్విన్ తెల్ల కాంతి బదులు 2700 కెల్విన్ పసుపు కాంతివి పెట్టారు, ఒక రగ్గు, రెండు గొర్రె తోళ్ళు వేశారు. ఏదీ పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో లెక్క వేస్తేనే అసలు విషయం బయటపడింది, దాని గురించి కింద చెప్తా.

ఎక్కడ మొదలుపెట్టాను

డ్రాయింగులు చూడకముందు క్లీనింగ్ చేసే ఆవిడతో కూర్చుని మాట్లాడాను. ఏ హోటల్లో అయినా నా పద్ధతి ఇదే, ఎందుకంటే గెస్ట్ వెళ్ళాక గది ఏ స్థితిలో ఉందో రోజూ చూసేది ఆవిడ ఒక్కరే. ఆవిడ చెప్పినవి: కుర్చీ ఎప్పుడూ అద్దానికి వీపు పెట్టి తిప్పేసి ఉంటుంది. మంచం జరుపుతారు, కాంక్రీట్ మీద గీతలు పడుతున్నాయి. తడి బూట్లు మంచం పక్కనే, తడి జాకెట్లు బాత్రూమ్ తలుపు మీద. శీతాకాలంలో కొందరు దుప్పటి తీసి అద్దానికి అడ్డంగా కట్టడానికి కూడా చూశారట, కట్టడానికి ఏమీ లేక టేప్ వేశారట. ఓనర్లకి ఇవన్నీ గెస్ట్‌లు గది పాడుచేయడంలా కనిపించాయి, నాకు మాత్రం ఇదే అసలైన ఫీడ్‌బ్యాక్. డబ్బు కట్టి సరస్సు చూడటానికి వచ్చినవాడు సరస్సుకి వీపు పెట్టి కూర్చున్నాడంటే వాడిని ఏదో ఇబ్బంది పెడుతోంది.

తర్వాత నవంబర్‌లో నేనే ఒక కేబిన్‌లో ఉన్నాను. పగలు వెళ్ళి చూస్తే లాభం లేదు, ఆ అక్షాంశంలో డిసెంబర్ చివరికి పగలు ఐదు గంటలే, అంటే శీతాకాలపు గెస్ట్ మెలకువగా ఉండే సమయంలో ఎక్కువ భాగం చీకట్లోనే గడుస్తుంది. ఫొటోలన్నీ పగలు తీసినవి, గది వాడేదేమో రాత్రి.

అద్దం

చీకటి పడ్డాక ఆ గాజు గోడ ముఖం చూసుకునే నల్ల అద్దంలా అయిపోతుంది. గాజు ప్రతి ఉపరితలం నుంచి సుమారు 4 శాతం కాంతిని వెనక్కి తిప్పుతుంది, ట్రిపుల్ గ్లాస్‌కి ఉపరితలాలు ఆరు. పగలు బయటి వెలుగు ముందు ఇది లెక్కలోకి రాదు. రాత్రి బయట ఏమీ లేనప్పుడు కనిపించేది ఆ ప్రతిబింబం ఒక్కటే, మంచం, మనం, సీలింగ్ స్పాట్ లైట్లు చుక్కల్లాగా. మనకి బయట ఏమీ కనిపించదు, బయటున్నవాడికి మనం పూర్తిగా కనిపిస్తాం. పైగా కేబిన్‌కీ నీటికీ మధ్య ఒక కాలిబాట ఉంది. స్వీడన్‌లో ప్రకృతిలో ఎవరైనా తిరిగే హక్కు, అల్లెమాన్స్‌రెట్టెన్, 1994 నుంచి రాజ్యాంగంలోనే ఉంది. ఇంటికి మరీ దగ్గరగా రాకూడదు గానీ ఒడ్డు వెంట నడిచేవాళ్ళని ఆపలేం, ఆపాలనుకోవడం కూడా తప్పే. రాత్రి పది గంటలకి నిజంగా ఎవరూ నడవరు. కానీ నడవచ్చు అన్న ఊహ చాలు, వెన్ను నిటారుగా అయిపోతుంది.

ఇంగ్లిష్ భూగోళ శాస్త్రవేత్త జే యాపిల్టన్ 1975లో ఒక మాట చెప్పాడు, మనిషికి తను చూడగలిగేలా, తనని ఎవరూ చూడలేకుండా ఉండే చోటు నచ్చుతుందని. ఈ కేబిన్ పగలు మొదటి సగం ఇస్తుంది, రాత్రి రెండు సగాలూ తీసేసుకుంటుంది. కుర్చీ ఎందుకు తిరిగిందో అర్థమైంది కదా. 2700 కెల్విన్ బల్బులు ఎందుకు పనిచేయలేదో కూడా, రంగు మారింది గానీ లైటు ఉన్న చోటు మారలేదు, తెల్ల చుక్కల బదులు పసుపు చుక్కలు కనిపించాయి అంతే.

ఓనర్ ఆవిడ ఇక్కడ ఒక వాదన పెట్టారు, కిటికీలోంచి చెట్లు కనిపిస్తే రోగులు తొందరగా కోలుకుంటారని పరిశోధన ఉంది కదా, అద్దం ఎంత పెద్దదైతే అంత మంచిది కదా అని. ఆ పరిశోధన నిజమే, రోజర్ అల్‌రిచ్ 1984లో ప్రచురించాడు, పెన్సిల్వేనియాలోని ఆస్పత్రిలో గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినవాళ్ళలో చెట్లు కనిపించే గదిలో ఉన్నవాళ్ళు కొంచెం ముందే ఇంటికెళ్ళారు, బలమైన పెయిన్ కిల్లర్లు తక్కువ వాడారు. కానీ వాళ్ళు చూసింది మామూలు ఆస్పత్రి కిటికీలోంచి. గోడంత అద్దం పెడితే ఆ ఫలితం అన్ని రెట్లు పెరుగుతుందని ఆ పేపర్ ఎక్కడా చెప్పలేదు, చీకట్లో ఏమవుతుందనేది అసలు ఆ ప్రశ్నే కాదు.

శబ్దం

గదిలో ఒకసారి చప్పట్లు కొడితే మోగుతూనే ఉంది. లెక్క చెప్తా, సబీన్ ఫార్ములా చాలా సులువు: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చుకునే మొత్తం విస్తీర్ణంతో భాగిస్తే ప్రతిధ్వని తగ్గడానికి పట్టే సమయం సెకన్లలో వస్తుంది. ఇక్కడ ఘనపరిమాణం సుమారు 105 క్యూబిక్ మీటర్లు. కాంక్రీట్, గాజు, పెయింట్ వేసిన బోర్డ్, ఇవేవీ శబ్దాన్ని పీల్చవు, పరుపుతో సహా అన్నీ కూడితే 8 చదరపు మీటర్లంత. అంటే రెండు సెకన్ల పైమాటే. పడుకునే గదిలో అర సెకను చుట్టుపక్కల ఉంటే హాయిగా ఉంటుంది. 0.6 సెకన్లకి రావాలన్నా ఇంకో 20 చదరపు మీటర్ల పీల్పు కావాలి, కాంక్రీట్ మీద వేసిన పల్చటి రగ్గు ఒక్క చదరపు మీటర్ కూడా ఇవ్వదు, గొర్రె తోళ్ళు ఇంకాస్త. ఓనర్లు సరైన దారిలోనే వెళ్ళారు, కానీ సముద్రంలో కాకిరెట్ట.

మోగే గదిలో జరిగేది ఏంటంటే చెంచా పడినా, జిప్ లాగినా, భార్యాభర్తలు మామూలుగా మాట్లాడుకున్నా అన్నీ గట్టిగా వినిపిస్తాయి, తెలీకుండానే మనుషులు జాగ్రత్తగా కదలడం మొదలుపెడతారు. పైగా అడవిలో బయట శబ్దమే లేదు కాబట్టి నగరంలో ఎప్పుడూ వినపడని ఫ్రిజ్ కంప్రెసర్, వెంటిలేషన్ ఫ్యాన్ ఇక్కడ రాత్రంతా వినిపిస్తాయి. ఫ్రిజ్‌ని కామన్ బిల్డింగ్‌కి పంపించి కెటిల్‌ని వెనక్కి తెచ్చాం, ఫ్యాన్ డక్ట్‌కి సైలెన్సర్ వేశాం, అది పెద్ద కథేం కాదు. నార్డిక్ డిజైన్‌లో ఈ పట్టింపు కొత్తది కూడా కాదు, పక్కనే ఫిన్లాండ్‌లో ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో 1933లో పూర్తి చేసిన పైమియో శానటోరియం అనే టీబీ ఆస్పత్రిలో వాష్‌బేసిన్ వంపుని నీళ్ళు పడ్డ చప్పుడు రాకుండా గీశాడు, పక్కన పడుకున్న రోగి లేవకూడదని. మంచం మీదున్నవాడి కళ్ళలో లైటు పడకుండా దీపాల చోటు కూడా చూసుకున్నాడు. ఫొటోలో తెల్లగా, ఖాళీగా కనిపించే ఆ గది వెనక ఇంత పని ఉంది.

తలుపు

ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ కాదు. పాత స్వీడిష్ పల్లెటూరి ఇళ్ళల్లో తలుపు తీయగానే ఒక చిన్న గది వస్తుంది, ఫర్‌స్తు అంటారు, మంచు, బురద, చలిగాలి అక్కడే ఆగిపోతాయి. ఈ కేబిన్లలో "క్లీన్ లుక్" కోసం దాన్ని తీసేశారు. ఫలితం, తడి సామాను అంతా ఆ ఒక్క గదిలోకే, కాబట్టి ఎంత మినిమల్‌గా కట్టినా గెస్ట్ అడుగుపెట్టిన పది నిమిషాలకి అది మినిమల్‌గా ఉండదు.

ఏం చేశాం, ఏ వరసలో

ఒక్క కేబిన్‌లోనే, ఒక్కొక్కటిగా చేద్దామని పట్టుబట్టాను. ఓనర్లకి అన్నీ ఒకేసారి చేసేస్తే పని అయిపోతుందని ఉంది, కానీ అన్నీ కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలీదు, మిగతా కేబిన్లన్నిట్లో అనవసరమైన వాటికి కూడా డబ్బు పెట్టాలి. కొలమానం కూడా సింపుల్‌గా పెట్టాం, కుర్చీ ఎటు తిరిగి ఉంది, మంచం జరిగిందా, బూట్లు ఎక్కడున్నాయి, క్లీనింగ్ ఆవిడ రోజూ నోట్ చేస్తారు.

మొదట లైట్లు, ఎందుకంటే అవే చవక. సీలింగ్ స్పాట్లు ఆపేసి మూడు దీపాలు కిందకి తెచ్చాం, మంచం పక్కన, బల్ల మీద, తలుపు దగ్గర, అన్నిటికీ డిమ్మర్, బల్బు కంటికి గానీ అద్దానికి గానీ నేరుగా కనపడని షేడ్. డెన్మార్క్‌లో దీపాల డిజైనర్ పౌల్ హెన్నింగ్సెన్ 1920ల్లోనే తన దీపాల్లో ఒకదాని కింద ఒకటి షేడ్లు పేర్చింది ఇందుకే, ఎక్కడ కూర్చున్నా బల్బు కంట్లో పడకూడదని. ఓనర్లు బయట చెట్లకి ఫ్లడ్ లైట్లు పెడదామన్నారు, అలా చేస్తే అద్దంలోంచి బయట కనిపిస్తుంది, నిజమే, కానీ నక్షత్రాలు చూద్దామని వచ్చినవాళ్ళకి ఆకాశం పోతుంది. అందుకే చూరు కింద నేలవైపు మాత్రమే వెలిగే ఒక చిన్న దీపం పెట్టాం. మంచు ఉన్నప్పుడు అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, తెల్లటి నేల వెలుగుని తిరిగి ఇస్తుంది. మంచు పడకముందు నవంబర్‌లో నల్ల నేల దాన్ని మింగేస్తుంది. కాబట్టి లైట్లతో సమస్య కొంత తగ్గింది, కుర్చీ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

రెండోది కర్టెన్. దీనిమీద చాలా వాదన జరిగింది. కర్టెన్ అంటే వాళ్ళకి అమ్మమ్మ ఇల్లు గుర్తొస్తుంది, వ్యూ పోతుందని భయం. నా లెక్క వేరు, బరువైన ఉన్ని కర్టెన్‌ని కుచ్చులతో వేస్తే తన విస్తీర్ణంలో దాదాపు సగం శబ్దాన్ని పీల్చుకుంటుంది, పదిహేడు చదరపు మీటర్ల అద్దం మీద అంటే ఎనిమిదో తొమ్మిదో చదరపు మీటర్లు, అంటే గదిలో ఉన్న మొత్తం పీల్పు రెట్టింపు అవుతుంది. రాత్రి నల్ల అద్దం పోతుంది, వేసవిలో చీకటే పడని రాత్రులకి అడ్డు కూడా. ఒక్క వస్తువుతో మూడు పనులు, నాకు తెలిసి మినిమలిజం అంటే ఇదే. వ్యూ కోసం ట్రాక్‌ని అద్దం దాటి పక్క గోడ మీదకి పొడిగించాం, పగలు కర్టెన్ మొత్తం గోడ ముందుకి వెళ్ళిపోతుంది, అద్దంలో ఒక్క అంగుళం కూడా కప్పదు. ఆ పొడిగింపు లేకపోతే వాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు, నేను కూడా అడిగేదాన్ని కాదు.

జనవరి చలిలో ఉదయం లేచేసరికి అద్దం అడుగున నీళ్ళు. ఒక్క కేబిన్‌లోనే చేయడం ఇందుకు కూడా మంచిదైంది. కర్టెన్ గది వేడిని అద్దం దాకా పోనివ్వదు, లోపలి గాజు చల్లబడిపోతుంది, ఇద్దరి ఊపిరి, తడి బట్టల ఆవిరి వెళ్ళి దానిమీద కూర్చుంటుంది. కర్టెన్‌ని అద్దానికి ఇంకొంచెం దూరంగా జరిపి, వేడి నేల కొంత అటువైపు ఉండేలా చూసి, పైనా కిందా గాలి తిరిగే సందు వదిలాం, అప్పటినుంచి మరీ గడ్డకట్టే రాత్రుల్లో తప్ప నీళ్ళు కనపడలేదు. కర్టెన్ వచ్చాక కుర్చీ తిరగడం ఆగిపోయింది. దుప్పటి, టేప్ కథ కూడా.

మూడోది సీలింగ్. ఇంకా పది పన్నెండు చదరపు మీటర్ల పీల్పు తక్కువ ఉంది. గోడలకి ప్యానెల్స్ పెట్టొచ్చు, కానీ గోడల్ని ఖాళీగా ఉంచాలన్నది వాళ్ళ కోరిక, అది న్యాయమైన కోరికే. సీలింగ్ అయితే ఎవరూ ముట్టుకోరు. సిమెంట్‌తో కలిపి అదిమిన చెక్క నార పలకలు చవక, బాగా పీలుస్తాయి, చూడ్డానికి మాత్రం స్కూల్ కారిడార్‌లా ఉంటుందని ఓనర్లు వద్దన్నారు, నాకూ అదే అనిపించింది. చివరికి సన్నటి పైన్ పట్టీలు, మధ్యలో సందులు, వెనక మినరల్ ఉన్ని. ఖర్చు ఎక్కువే. కొలిస్తే 0.6 సెకన్ల దగ్గరికి వచ్చింది. పైన్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, అందుకని ఇక్కడి పాత పద్ధతిలోనే ముందు క్షారం పూసి తర్వాత సబ్బు నీళ్ళతో తుడిపించాం.

నాలుగోది తలుపు దగ్గర గది. బయటికి కట్టడమే తెలివైన పని, కానీ స్వీడన్‌లో స్ట్రాండ్‌స్కిడ్ అనే ఒడ్డు రక్షణ చట్టం ఉంది, మామూలుగా నీటి అంచు నుంచి 100 మీటర్ల లోపు కొత్తగా ఏమైనా కట్టాలంటే మినహాయింపు కావాలి. అడిగితే వస్తుందో రాదో, ఎప్పటికి వస్తుందో ఎవరూ చెప్పలేరు, ఆ ఎదురుచూపులో ఇంకో శీతాకాలం పోతుంది. అందుకే గదిలోంచే మూడు చదరపు మీటర్లు కోసి బెంచీ, కొక్కేలు, బట్టలు ఆరబెట్టే అల్మరా ఒకటి, ఇక్కడ దాన్ని తోర్క్‌స్కోప్ అంటారు, పెట్టి తలుపు వేశాం. "ఉన్న చిన్న గదిని ఇంకా చిన్నది చేస్తారా" అని ఓనర్ ఆయన అడిగారు. చేశాక చూస్తే గది పెద్దగా అనిపించింది, ఎందుకంటే గెస్ట్ సామానంతా ఇంకో తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. మంచాన్ని కూడా తిప్పాం, తల గోడకి, పక్కభాగం అద్దానికి, దిండు మీదనుంచి సరస్సూ కనిపిస్తుంది, తలుపూ కనిపిస్తుంది. అప్పటినుంచి ఎవరూ మంచం జరపలేదు.

కాంక్రీట్ ఫ్లోర్ అలాగే వదిలేశాం. చెక్క వేస్తే బాగుండేది, కానీ పగలగొట్టి హీటింగ్ మళ్ళీ వేసే ఖర్చుకి వచ్చే లాభం చాలా తక్కువ.

ఫలితం, ఈ కేస్‌లో నేను పట్టుకున్నవి

ఆ కేబిన్‌లో మధ్యలో వెళ్ళిపోయేవాళ్ళు తగ్గారు, ఓనర్లు మిగతావి కూడా అలాగే మార్చారు. పూర్తి క్రెడిట్ డిజైన్‌కి ఇవ్వను, అదే శీతాకాలం వాళ్ళు రేటు కూడా తగ్గించారు, ధ్యానం క్లాసు తీసేశారు. కానీ కుర్చీ, మంచం, బూట్ల లెక్క మాత్రం రేటు వల్ల మారదు కదా.

ఈ ఖాళీతనం మోజు ఎక్కడిది అంటే నా అనుమానం ఎగ్జిబిషన్ల మీద, ఫొటోల మీద. 1954 నుంచి 1957 దాకా అమెరికా, కెనడాల్లో తిరిగిన పెద్ద స్కాండినేవియన్ డిజైన్ ప్రదర్శన లాంటివి వస్తువుల్ని విడివిడిగా, అందంగా నిలబెట్టి చూపించాయి. వాటి చుట్టూ ఉండే ఇల్లు, చలి, తడి బట్టలు షోకేస్‌లో పట్టవు. స్వీడిష్ వాళ్ళు ఆదర్శ గృహంగా చెప్పుకునే సుండ్‌బోర్న్‌లోని చిత్రకారుడు కార్ల్, ఆయన భార్య కారిన్ లార్సన్ల ఇంటికి వెళ్ళి చూడండి, ఎరుపు, ఆకుపచ్చ, కారిన్ చేత్తో నేసిన బట్టలు, మూలమూలనా ఏదో ఒకటి. తెల్లగా ఖాళీగా ఉండదు, కానీ కూర్చోబుద్ధేస్తుంది.

ఇప్పుడు ఇలాంటి పని వస్తే డిజైన్ గురించి మాట్లాడకముందే మూడు అడుగుతున్నా: తడి బూట్లు ఎక్కడ పెడతారు, రాత్రి ఎనిమిదికి అద్దం ఎలా ఉంటుంది, చప్పట్లు కొడితే ఎంతసేపు మోగుతుంది. మొదటిదానికే చాలామంది దగ్గర జవాబు ఉండదు.

తేలనిది ఒకటి మిగిలింది. శీతాకాలంలో గాలి తిరగడానికి కర్టెన్ పైన వదిలిన సందులోంచే జూన్‌లో రాత్రంతా వెలుగు లోపలికి వస్తోంది. సందు మూసేస్తే జనవరిలో నీళ్ళు, వదిలితే జూన్‌లో నిద్ర లేదు. ప్రస్తుతానికి ఓనర్లు దిండు మీద కళ్ళకి కట్టుకునే మాస్క్ పెడుతున్నారు, నాకు అది నచ్చలేదు. వచ్చే వేసవికి ఒక కేబిన్‌లో పైన విడిగా తగిలించి మళ్ళీ తీసేసేలా ఒక గుడ్డ పట్టీ కుట్టించి చూస్తాం, మే నుంచి ఆగస్టు దాకా ఉంచి తర్వాత తీసేసేలా.